కిట్టు తప్పు, స్లైడే ఒప్పా?

"మలేరియా కిట్లను నమ్మకండి, అవి ఉజ్జాయింపు పరీక్షలు. మైక్రోస్కోపులో చూసిందే నిజం. కిట్టులో పాజిటివ్, స్లైడులో నెగటివ్ వస్తే కిట్టు తప్పినట్టే." ఈ సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది.

ఉజ్జాయింపు అన్న మాట నిలవదు. ఫాల్సిపేరం అనే పరాన్నజీవి వల్ల వచ్చే మలేరియాకు, అది వదిలే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను పట్టే కిట్లు వాడతారు. ఈ కిట్లను మైక్రోస్కోపీతో పోల్చిన అధ్యయనాలను 2011లో కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కూడగట్టి బేరీజు వేసే సంస్థ) సమీక్ష క్రోడీకరించింది. జబ్బు ఉన్నవారిని పట్టుకోవడంలోనూ, లేనివారికి లేదని చెప్పడంలోనూ కిట్లు దాదాపు 95 శాతం సరిపోయాయి.

మైక్రోస్కోపులో చూసిందే నిజమట. చూసింది ఎవరు? చేయి తిరిగిన టెక్నీషియన్ మైక్రోలీటరు రక్తంలో 5–10 పరాన్నజీవులున్నా పట్టేస్తారు. మామూలు ల్యాబుల్లో 50–100 ఉంటేనే కంటపడతాయి. కిట్టుకు 100–200 కావాలి. అంటే ల్యాబులో రోజువారీ పనికీ కిట్టుకూ తేడా అంతంతమాత్రమే. పరాన్నజీవులు కనబడేలా స్లైడుకు వేసే గీంసా రంగును సరిగా వడకట్టకపోతే దాని నలుసులే పరాన్నజీవుల్లా భ్రమపెడతాయి. మందపు రక్తపూతలో కనీసం 100 ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒక్కసారికి కనబడే భాగాలు) వెతకనిదే నెగటివ్ అని రాయకూడదు. బల్ల మీద స్లైడులు గుట్టగా పడి ఉన్న రోజున అంత ఓపిక ఎందరికి ఉంటుంది?

ఇక అసలు తిరకాసు మూడో మాటలో ఉంది. కిట్టు పరాన్నజీవిని చూడదు, అది వదిలిన ప్రొటీన్‌ను చూస్తుంది. మందుతో జబ్బు నయమైనా హెచ్‌ఆర్‌పీ2 కొన్ని వారాలు రక్తంలోనే ఉంటుంది. అందుకే ఈమధ్య మలేరియా మందు వాడారా అని ముందు అడగాలి. వాడి ఉంటే కిట్టు మీద కనబడే పాజిటివ్ గీత పాత జబ్బుది కావచ్చు, అక్కడ స్లైడు మాటకే విలువ. వాడకపోతే కథ తిరగబడుతుంది. ముదిరిన ఫాల్సిపేరం పరాన్నజీవులు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుపోయి, వేలు గుచ్చి తీసిన చుక్కలోకి రాకపోవచ్చు. ప్రొటీన్ మాత్రం రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఏమారేది స్లైడే.

కిట్లకు నిజంగా ఉన్న లోపం ఆ సందేశంలో లేనేలేదు! హెచ్‌ఆర్‌పీ2ను తయారుచేసే జన్యువే లేని, అందుకే కిట్టుకు చిక్కని ఫాల్సిపేరం రకాలు పెరూలో ఉన్నాయని 2010లో బయటపడింది. అలాంటి రకాల బెడదతోనే ఆఫ్రికా దేశం ఎరిత్రియా 2016లో కిట్లు మార్చుకుంది. అలాంటిచోట కిట్టు నెగటివ్ అన్నా జ్వరం తగ్గకపోతే స్లైడు చూడాల్సిందే, లేదా పరాన్నజీవిలోని పీఎల్‌డీహెచ్ అనే మరో ప్రొటీన్‌ను పట్టే కిట్టు వాడాలి.