మదర్‌బోర్డు అట్టపెట్టె గారికి

తిరుపతి.

మహారాజశ్రీ మదర్‌బోర్డు అట్టపెట్టె గారి దివ్యసముఖానికి,

గాంధీ రోడ్డు షాపులో, అద్దాల బీరువా పై అరలో తమరి కొలువు చూసి కళ్లు చెదిరాయి. ఒంటి మీద లేని బిరుదు లేదు. మిలిటరీ గ్రేడ్, గేమింగ్, ఆర్‌జీబీ, విండోస్ 11 రెడీ, ఈమధ్య కొత్తగా ఏఐ. వైఫై అని కూడా ఇంత లావు అక్షరాలు. చాలా సంతోషం. ఆ వైఫై చిప్పు ఎవరిది సామీ?

విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునేవాడికి కావలసింది ఆ ఒక్క మాటే. ఇంటెల్ చిప్పయితే దాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, దాదాపుగా లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే ఉంటుంది. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్పులకు మాత్రం డ్రైవర్ కోడ్ విడిగా దించుకుని కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే ప్రోగ్రాముగా మలుచుకోవాలి. దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు.

షాపు తమ్ముణ్ణి అడిగాను. "లినక్స్ ఎందుకన్నా, విండోస్ మేమే వేసిస్తాం గదా" అన్నాడు. చిప్పు పేరు చెప్పమంటే "పన్జేస్తాదిలే అన్నా" అన్నాడు. పోనీ సీల్ తీసి చూపించమన్నాను. సీల్ తీస్తే వాపసు లేదట! తెరవనిదే తెలియదు, తెలిశాక తిరిగివ్వడానికి లేదు. పైగా కొన్ని మోడళ్లలో పేరు అదే ఉంటుంది, రివిజన్ మారగానే లోపలి చిప్పు మారిపోతుంది. ఒకప్పుడు తిరుమలలో ఉన్న వెయ్యికాళ్ల మండపంలో కూడా ఇన్ని చాటుమాటులు లేవు.

గ్రాఫిక్స్ కార్డులు తమరికన్నా నయం. ఏఎండీ కార్డుల డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. ఎన్విడియాకైతే 2012లో లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్ సభలో అందరి ముందూ మధ్యవేలు చూపించాడు. 2022లో ఎన్విడియా వాళ్లు తమ డ్రైవర్‌లోని కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు కోడ్ బయటపెట్టారు. తమరికి ఏ వేలు చూపిస్తే చిప్పు పేరు అచ్చేస్తారో సెలవివ్వండి.

బోర్డు మరీ కొత్తదైతే కెర్నల్ కూడా కొత్తదే ఉండాలి. అది తమరి పాపం కాదు, ఒప్పుకుంటాను.

ఈసారికి వైఫై లేని తమరి తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్తున్నాను. ఇంటెల్ ఏఎక్స్210 వైఫై చిప్పు ఉన్న కార్డు విడిగా కొని బోర్డు మీది పీసీఐఈ స్లాట్‌లో పెట్టుకుంటాను. దానికి కెర్నల్ 5.10 నుంచే డ్రైవర్ ఉంది.

ఇట్లు,
తమరి పెట్టె నాలుగు వైపులా చదివినవాడు.

తా.క.: ఇంటెల్ వైఫై చిప్పుల్లో ఏఎక్స్210, ఏఎక్స్211 చూడ్డానికి కవలలే. రెండోది తగిన ఇంటెల్ బోర్డు దొరికితే తప్ప నోరు విప్పదు. ఆ ముక్క దాని పెట్టె మీదైనా లావుగా వేయమని తమరి చుట్టాలకు చెప్పండి.