‘ఇతర ఖర్చులు’ అంటే అంత చులకనా?

విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం లెక్కలు చూపించాలని కొందరు అల్లరి చేస్తున్నారు. సంఘం వాటాను ఫీజులోంచి మనల్ని అడక్కుండానే మినహాయించుకున్నప్పుడు, మనల్ని అడక్కుండానే ఖర్చు పెడితే తప్పేమిటో వాళ్లే చెప్పాలి.

వాళ్ల కోపమంతా ‘ఇతర ఖర్చులు’ అనే పద్దు మీద. క్రీడలు, సాంస్కృతిక పోటీలు, పేద విద్యార్థులకు సాయం అన్నీ కలిపినా దానికి సరితూగవట. మరి కోశాధికారి కష్టం ఎవరికి పట్టింది? మిగతా పద్దులకు రసీదు కావాలి, తేదీ కావాలి, అన్నిటికంటే ఇబ్బంది, కార్యక్రమం నిజంగా జరగాలి. ‘ఇతర’కు ఆ బాధల్లేవు.

రూల్స్ పాటించలేదన్నది శుద్ధ అబద్ధం. ఖర్చు ఒక పరిమితి దాటితే మూడు దుకాణాల నుంచి ధరల కొటేషన్లు తప్పనిసరి కాబట్టి, ఒకే వేదికకు కర్రల బిల్లు, గుడ్డల బిల్లు, కుర్చీల బిల్లు విడివిడిగా పెట్టారు. ప్రతిదీ పరిమితికి కాస్త లోపలే. తప్పనిసరైన చోట మూడు కొటేషన్లూ వచ్చాయి, మూడింట్లోనూ అవే అక్షరదోషాలతో. చెక్కు మీద రెండు సంతకాలుండాలన్న నియమమూ చెక్కుచెదరలేదు. రెండో సంతకందారు చెక్కుబుక్కు మొత్తం మీద ముందే సంతకాలు చేసి చదువుకోవడానికి వెళ్లిపోయాడు.

జమను, ఖర్చును రెండు వైపులా రాసే పద్ధతిని ఇటలీ గణితవేత్త లూకా పాచోలీ 1494లోనే వెనిస్‌లో అచ్చేయించాడని కామర్స్ వాళ్లు దెప్పుతున్నారు. మనవాళ్లు సగం పాటిస్తున్నారు కదా, ఖర్చు వైపు రాస్తూనే ఉన్నారు.

ఆడిట్ కూడా ఉంది. కాకపోతే పదవీకాలం ఏడాదే. ఆడిటర్ ప్రశ్న వచ్చేసరికి పాత కార్యవర్గం పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతుంది. కొత్తవాళ్లు “మా హయాంలో కాదు” అంటారు. అదీ నిజమే, వాళ్ల హయాం సంగతి వచ్చే ఏడాది కదా! పైగా తలా ఒక్కరికి పోయింది కొంచెమే. దానికోసం ఎవడు తగాదా పడతాడు? అన్ని కొంచేలూ ఒకే జేబులో చేరాయన్నది వేరే విషయం.

చివరికి సర్వసభ్య సమావేశం పెట్టారు, పరీక్షలకు ముందురోజు. కోరం, అంటే కనీస హాజరు, లేక వాయిదా పడింది. వాయిదా సమావేశానికి కోరం అక్కర్లేదని నియమావళిలోనే ఉంది కాబట్టి, అరగంట తర్వాత లెక్కలన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. వచ్చిన ఏడుగురిలో ఆరుగురు కార్యవర్గమే. ఏడోవాడు ఫ్యాను కింద చదువుకుందామని వచ్చాడు. మైకు సౌండు తగ్గించమని మాత్రం అడిగాడు.