సన్న పైపు, లావు పైపు, మా అమ్మ

నల్లగొండకు పాత పేరు నీలగిరి. ఆ చలువంతా పేరులోనే ఉండిపోయింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా కదలకుండా నిలిచే నీడ ఒకటుంది గానీ అది దేవుడి వాటా, మనకు రాదు. అందుకే నేను ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టించాను. ఏప్రిల్, మే నెలల్లో మా ఇంట్లో దానికి జరిగే మర్యాద పండక్కి వచ్చిన కొత్తల్లుడికి కూడా జరగదు. డిసెంబరు వచ్చిందంటే మాత్రం దాన్ని పలకరించే దిక్కుండదు.

పోయిన డిసెంబరులో ఆ ఏసీ ఉన్న గోడే చెమ్మ పట్టి పెచ్చులూడింది. ఏసీ దింపితేనే గోడ గీకుతానన్నాడు మేస్త్రి. దింపడానికి మెకానిక్ 1200 రూపాయలు అడిగాడు. అదే సమయానికి మా బామ్మర్ది ఇంట్లో ఉండటం నా జాతకం.

"నాలుగు స్క్రూలు ఇప్పనీకి పన్నెండు వందలా బావా? నేను ఇప్పుత తియ్. యూట్యూబ్‌ల మొత్తం సూసిన."

అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్. అంతంత మిషన్లను ఆడించేవాడికి ఈ డబ్బా ఒక లెక్కా అని నేనూ అనుకున్నాను.

న్యాయంగా చెప్పాలంటే అతనికి పని తెలుసు. ఉప్మా తింటూ నాకు పాఠం చెప్పాడు. "పొద్దుగూకంగ కోళ్లను గూట్లకు తోలుతం సూడు, గంతే బావా. బయటి మిషనే గూడు, గ్యాసే కోళ్లు. సన్న పైపులకెల్లి గ్యాస్ ఇంట్లకు పోతది, లావు పైపులకెల్లి వాపసొస్తది. ఏసీ నడుస్తుండంగనే ముందుగాల సన్నదాని వాల్వ్ బంద్ చెయ్యాలె. బయటికి పోయే తొవ్వ బందయింది. ఇంట్ల ఉన్నయన్నీ లావు పైపు పట్టుకొని గూట్లకొస్తయ్. ఒక్క నిమిషమాగి అది గూడ బంద్ చేసి, ఎంబటే ఏసీ ఆపాలె. ఇగ ఒక్క కోడి బయట ఉండది."

"మరి కోళ్లను తోలేదెవరు?"

"కంప్రెసర్. అందుకే అది నడుస్తుండాలె. నువ్వు స్విచ్ కాడ కూసో, ఎవల్నీ ముట్టనియ్యకు."

గ్యాస్ అంతా బయటి మిషన్‌లోకి వచ్చిందో లేదో చూసే గేజ్ ఒకటి మెకానిక్‌ల దగ్గర ఉంటుంది. మన దగ్గర లేదు. దాని బదులు బామ్మర్దికి ధైర్యం ఉంది.

డిసెంబరు చలిలో, పొద్దున ఎనిమిదింటికి, ఏసీని 16 మీద పెట్టి నేను మంకీ క్యాప్, దుప్పటితో దాని కింద కూర్చున్నాను. ఆ గదిలో ఆ పూట నన్ను చూసినవాళ్లెవరూ నాకు పిల్లనిచ్చేవాళ్లు కాదు. పెళ్లయిపోయింది కాబట్టి సరిపోయింది.

పది నిమిషాలు నడిచాక మిద్దె మీది నుంచి కేక. "బావా, జర ఫోన్ పట్టుకోరాదూ! వీడియో సూసుకుంట వాల్వ్ తిప్పొస్తలేదు!"

వెళ్లాను. పక్కింట్లో స్లాబ్ వేస్తున్నారు. కాంక్రీట్ మిక్సర్ మోతకు మా మాట మాకే వినిపించడం లేదు. బామ్మర్ది బండి గ్లౌజులు వేసుకుని, ఎలెన్ కీతో సన్న పైపు వాల్వ్ బిగించాడు. నేను ఫోన్ చూస్తూ అరవై లెక్కపెట్టాను. బయటి యూనిట్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తర్వాత లావుది బిగించాడు. నేను కిందికి పరుగెత్తి మెయిన్ బోర్డులో ఏసీ ఎంసీబీ దించాను. కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుందట, పది నిమిషాలు ఆగాం. వైర్లు విప్పేముందు ఏ రంగు ఎక్కడుందో ఫోటో తీశాడు. అందులో వైర్ల కంటే అతని బొటనవేలే బాగా పడింది.

రెండు స్పానర్లు పెట్టి నట్టు కొంచెం తిప్పాడో లేదో, బుస్సుమంది.

"గాలి బావా, కొంచెం వస్తది, మామూలే."

కొంచెం కాదు. నాగుబాముకు ఉబ్బసం వచ్చినట్టు బుస కొడుతూనే ఉంది. గ్లౌజు మీద తెల్లగా మంచు పేరుకుంది. అతను చెయ్యి విదిలించుకుంటూ ఎగురుతున్నాడు. కిందినుంచి మా అమ్మ, "గ్యాస్ పోతాందంటె ఏడికెల్లిరా?" అంటూ వంటింట్లో స్టవ్ ఆపేసి సిలిండర్ కూడా బంద్ చేసింది. మేమిద్దరం నవ్వాం. ఆ తర్వాత మిషన్ ప్లేటు మీద ఆర్‌32 అని చూసి నవ్వు ఆపేశాం. ఆ గ్యాస్‌కు కొద్దిగా అంటుకునే గుణం ఉంది. భూమిని వేడెక్కించడంలో దాని ఒక కిలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమట. ఎండలు ముదిరాయని నేను ఎవరినైనా తిట్టేముందు ఇప్పుడు కాస్త ఆగుతున్నాను.

లోపలి యూనిట్ దింపడం చిన్న పనే. గోడ నుంచి ఊడదీసి ఒక పక్కకు వంచానంతే, ట్రేలో మిగిలిన నీళ్లన్నీ నా మెడ మీదుగా చొక్కాలోకి దిగాయి. 16 మీద నడిపి పుట్టించిన నీళ్లు అవి, ఎంత చల్లగా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఓ రెండు గంటలు ఫ్యాన్ మోడ్‌లో ఆరబెట్టాలన్న సంగతి వీడియోలో మొదట్లోనే ఉందట. మావాడు మొదట్లోది స్కిప్ చేసి చూశాడు.

భద్రపరిచే శాఖ మా అమ్మది. బయటి యూనిట్‌ను మెట్ల కింద పండబెట్టి, దాని మీద పచ్చడి జాడీలు పెడదామంది.

"పండబెట్టొద్దత్తమ్మా, నిలబెట్టే ఉంచాలె. కంప్రెసర్‌ల నూనె ఉంటది, పైపులల్లకు పోతది."

"నూనె ఉన్నదా? ఏం నూనె?"

"పల్లి నూనె అయితే గాదు."

పైపుల మూతులకు టేపు చుట్టాం. లోపలి యూనిట్‌ను పాలిథిన్‌లో మూట కడితే గాలి ఆడక బూజు పడుతుందని అమ్మ పాత నేత చీర చుట్టింది. ఎలుకలు వైర్లు కొరుకుతాయని బియ్యం సంచులకు దూరంగా పెట్టింది. రిమోట్‌లో బ్యాటరీలు కారిపోతాయని నేను తీయబోతే, అప్పటికే తీసి గోడ గడియారానికి వేసింది. ఆ గడియారం ఆగి రెండేళ్లయింది.

ఆ తర్వాత మూడు నెలలు నేను బామ్మర్దిని ఊరుకోనివ్వలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "కోళ్లు మంచిగున్నయా?" అని అడిగేవాణ్ని. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అతను మాత్రం "వీడియోల చెప్పినట్టే చేసిన బావా, ఏడ తప్పిందో సమజ్ అయితలేదు" అని పాపం అదే మాట.

మార్చిలో మెకానిక్ వచ్చి బిగించాడు. గేజ్ పెట్టి చూసి, "గ్యాస్ సరిపోను లేదు సార్, సగానికి పైన పోయింది. పంప్‌డౌన్, గదే గ్యాస్ బయటి మిషన్‌లకు గుంజేటప్పుడు మధ్యలో మిషన్ ఆగిందా?" అన్నాడు.

"లేదే! ఫ్యాన్ తిరుగుతుంటే నా కళ్లతో చూశాను."

"మిద్దె మీద గాలికి ఉత్తగ గూడ తిరుగుతది సార్."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఆగుడేంది బిడ్డా, నేనే ఆపిన," అంటూ మా అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చలికాలంల ఏసీ పెట్టి, గదిల మనిషి లేకుంట మిద్దె మీదికి పోయిండు మీ సారు. బిల్లెవడు కట్టాలె? స్విచ్ బంద్ చేసి పోయిన."

మెకానిక్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. కొత్త ప్లాస్టరింగ్ నున్నగా ఉంది.

గ్యాస్ నింపడం, బిగింపు కలిపి 3800 రూపాయలు అయింది. ఆ లెక్క విని మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"గన్ని పైసలు ఈనికెందుకు పోసినవ్ కొడకా? కోడలి తమ్మున్ని పిలిస్తె ఊకెనే చేస్తుండె గదా."