రద్దీ చూసి రిటైల్ షేరు ఉంచుకోవద్దు

బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు చాలామంది రిటైల్ షేర్లు, అంటే సూపర్‌మార్కెట్ కంపెనీల షేర్లు కొనిపెట్టుకున్నారు. షేరు పడినప్పుడల్లా అమ్మాలా, ఉంచుకోవాలా అని టెన్షన్. ఆదివారం మారతహళ్లిలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర క్యూ చూడగానే ‘ఈ కంపెనీకేం ఢోకా లేదు’ అని ధైర్యం తెచ్చుకుంటారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు. చూడాల్సింది పాత స్టోర్లలో అమ్మకాలు ఎంత పెరిగాయన్నదే.

కొత్త స్టోర్లు తెరుస్తూ పోతే మొత్తం అమ్మకాలు ఎలాగూ పెరుగుతాయి. డీమార్ట్ 2024 జులై-సెప్టెంబరు ఫలితాలే తీసుకోండి. ఆదాయం 14 శాతం పెరిగింది. రెండేళ్లు దాటిన స్టోర్లలో మాత్రం పెరుగుదల 5.5 శాతమే. ఆ సెప్టెంబరులో చిల్లర ద్రవ్యోల్బణమే, అంటే సరుకుల ధరల పెరుగుదలే 5.49 శాతం. ధరలు పెరిగిన మేరకు తీసేస్తే ఇక మిగిలిందెంత? పెద్ద నగరాల స్టోర్లపై ఆన్‌లైన్ కిరాణా ప్రభావం కనిపిస్తోందని కంపెనీయే చెప్పింది. ఫలితాల తర్వాత మార్కెట్ తెరిచిన తొలిరోజే షేరు 8 శాతానికి పైగా పడింది.

వైట్‌ఫీల్డ్‌లో ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరైనా సాయంత్రం పది నిమిషాలు నిలబడండి. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ బైకులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. మొదట్లో కొత్తిమీర, పాల ప్యాకెట్ తెచ్చేవారు. ఇప్పుడు అదే సంచిలో కందిపప్పు, నూనె డబ్బా, సర్ఫు కూడా ఉంటున్నాయి. నెల సరుకుల చీటీ ముక్కలైపోయింది. సూపర్‌మార్కెట్ బతికేది ఆ చీటీ మీదే.

దేశంలో కిరాణా వ్యాపారం ఎక్కువగా ఇప్పటికీ చిన్న కొట్ల చేతిలోనే ఉంది, కాబట్టి ఓపిక పడితే లాభమేనని కొందరంటారు. మార్కెట్ పెరుగుతుందన్నది నిజమే. కానీ మీ కంపెనీ అప్పటిదాకా నిలబడాలి కదా! బిగ్ బజార్‌లో జనం లేకనా మూతపడింది? అప్పులు పేరుకున్నాయి, అద్దెలు కట్టలేకపోయారు. లీజులు రిలయన్స్ చేతికి వెళ్లాయి, 2022 ఫిబ్రవరిలో స్టోర్లూ వెళ్లాయి. జులైకల్లా బిగ్ బజార్‌ను నడిపిన ఫ్యూచర్ రిటైల్ కంపెనీ దివాలా ప్రక్రియలో పడింది. షేర్లు పట్టుకు కూర్చున్నవాళ్లకు కాగితాలే మిగిలాయి.

అందుకే నా మాట సూటిగా చెబుతాను. అద్దె స్టోర్లు, పెరుగుతున్న అప్పు, కదలని పాత స్టోర్ల అమ్మకాలు... ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే అమ్మేయండి. కొన్న ధర రాలేదని ఆగొద్దు. ఏడాది దాటిన షేర్లపై లాభం 1.25 లక్షలు మించితేనే, అదీ పైమొత్తం మీదే 12.5 శాతం పన్ను. దానికి భయపడీ ఆగొద్దు. డీమార్ట్‌లా ఎక్కువ స్టోర్లు సొంతానివై, పెద్దగా అప్పు లేని కంపెనీ అయితే ఉంచుకోవచ్చు. పాత స్టోర్ల పెరుగుదల ధరల పెరుగుదలను మించేదాకా కొత్తగా మాత్రం కొనొద్దు.

అసలు కోపం తెప్పించే సంగతి ఇంకొకటి ఉంది. ఈ పాత స్టోర్ల లెక్కను ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కడుతోంది. జీతంలోంచి మిగిల్చి షేర్లు కొనే మనిషి దేన్ని దేనితో పోల్చాలి? ఏ స్టోరును పాతదనాలో స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీయే తేల్చి, ప్రతి మూడు నెలలకూ అందరూ ఒకే పద్ధతిలో ఆ లెక్క ఫలితాల మొదటి పేజీలోనే ఇవ్వాలని ఆదేశించాలి.