ముద్ర పడ్డది, ఇగ సైటు అందరిదీ

చూపు లేనివాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్లు కూడా వాడుకునేలా వెబ్‌సైటు కట్టడం కష్టమైన పని. వాడుకోవచ్చని దాని మీద ముద్ర వేయించుకోవడం బహు తేలిక. తెలివైన యాజమాన్యం ఏ దారి పట్టాలో వేరే చెప్పనక్కర్లేదు. అయినా హన్మకొండ, కాజీపేట, నర్సంపేటల్లో కాలేజీ కరస్పాండెంట్లు, సొసైటీ ఛైర్మన్లు, ఆస్పత్రుల యజమానులు ఈ విషయంలో బాగా వెనుకబడి ఉన్నారు. వారి మేలు కోరి ఈ సూచనలు.

ముందు ముద్ర సంగతి. వెబ్‌సైటు అందరికీ అందాలంటే ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలను ప్రపంచమంతా పాటిస్తుంది. వాటిని రాసిన డబ్ల్యూత్రీసీ సంస్థే స్థాయికొకటి చొప్పున లోగోలు తయారుచేసి పెట్టింది: కింద ఏ, నడుమ డబుల్ ఏ, అన్నిటికన్నా పైన ట్రిపుల్ ఏ. దించుకుని పేజీ అడుగున అతికించుకోవడమే. మీరు నిజంగా పాటించారా అని ఆ సంస్థ తనిఖీ చేయదు, బాధ్యత పెట్టుకున్నవాళ్లదే అంటుంది. మన మీద మన ఇంట్లోవాళ్లకు కూడా ఇంత నమ్మకం ఉండదు. తీసుకుంటే ట్రిపుల్ ఏ తీసుకోండి, లెటర్‌హెడ్ మీద నిండుగా ఉంటుంది. సైటు మొత్తానికి ఆ స్థాయిని నియమంగా పెట్టుకోవద్దని, కొన్ని రకాల సమాచారానికి అది సాధ్యమే కాదని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఉండనివ్వండి, అంత దూరం చదివేదెవరు?

ఒక్క జాగ్రత్త. 'మా సైటు ప్రమాణాలకు లోబడి ఉంది' అని ప్రకటిస్తే అందులో తేదీ, మార్గదర్శకాల్లో ఏ వెర్షన్, ఏ స్థాయి, ఏయే పేజీలు, ఏ టెక్నాలజీల మీద ఆధారపడ్డారు అనే అయిదూ ఉండాలి. ఒక్కటీ రాయకండి. తేదీ రాస్తే పాతబడుతుంది. వెర్షన్ రాస్తే 2008 నాటి 2.0నా, 2018 నాటి 2.1నా, 2023 నాటి 2.2నా అని అడిగేవాడు పుడతాడు. పేజీల పేర్లు అసలే వద్దు. ఫీజు కట్టడం లాంటి పనిలో లాగిన్, చలానా, పేమెంట్, రసీదు అని నాలుగు మెట్లుంటే, ఒక్క మెట్టు తప్పినా మిగతా మూడూ తప్పినట్టేనని నిబంధన. హోమ్‌పేజీ అందంతో నెట్టుకొచ్చే మనకు ఇది గిట్టదు.

ఇక మార్కులు. యంత్రంతో పరీక్ష చేయించి నూటికి నూరు తెచ్చుకోవడం ఒక కళ. ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్, అంటే ఆ ఫొటోలో ఏముందో చూడలేనివాళ్లకు చెప్పే మాట, ఉందా అని యంత్రం చూస్తుంది, ఆ మాటకు అర్థముందో లేదో చూడదు. ప్రతి ఫొటోకూ 'ఫొటో' అని రాయండి, పాస్. పేజీ భాష ఏదో కోడ్‌లో రాశారా అని చూస్తుంది. తెలుగు పేజీకి ఇంగ్లిష్ అని రాసి ఉన్నా పాస్. కొనుక్కొచ్చిన టెంప్లేట్లలో అలాగే ఉంటుంది కనుక మీకు ఆ శ్రమ కూడా లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ మాట నమ్మి ఇంగ్లిష్ గొంతుతో మొదలుపెడితే, ఆ గొంతును బట్టి తెలుగు వంకర పోతుంది, లేదా మొత్తానికే మాయమవుతుంది. తెల్లటి నేల మీద #999999 బూడిద రంగు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే నేలకూ అక్షరానికీ వెలుగులో తేడా, 2.85 మాత్రమే, కావాల్సింది 4.5. దీన్ని యంత్రం పట్టేస్తుంది. #767676 పెడితే 4.54తో గట్టెక్కుతారు. రంగు మార్చడం డిజైనర్‌కు చిన్నతనమనిపిస్తే అక్షరాలను వేయిస్తంభాల గుడి ఫొటో మీద పరచండి. యంత్రం తేల్చలేక మనిషినే చూసుకోమంటుంది. ఆ మనిషి మన దగ్గర లేడు. బటన్ లాగా కనిపించే డబ్బా మౌస్‌తో నొక్కితే పనిచేస్తూ, మౌస్ పట్టలేనివాళ్లు వాడే ట్యాబ్ కీకి మాత్రం దొరక్కపోవడం కూడా మామూలుగా మార్కుల్లోకి రాదు.

మన చపాట మిర్చికి రంగు ఎక్కువ, కారం తక్కువ. రంగు కోసమే పండిస్తారు, ఆ పేరుతోనే అమ్ముతారు, 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఎనుమాముల మిర్చి యార్డులో దాన్నే కారానికి పేరున్న తేజ రకమని అమ్మబోతే ఖరీదుదారు ఒప్పుకుంటాడా? ముద్రల యార్డులో ఆ పేచీ లేదు.

ముద్రకు మాత్రం ఆల్ట్ టెక్స్ట్ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. దానికి లింకు కూడా ఉంటే స్క్రీన్ రీడర్ చాలాసార్లు ఫైలు పేరు చదువుతుంది: 'లోగో ఫైనల్ ఫైనల్ 2'. సైటు తనకు అందుబాటులో ఉందన్న శుభవార్త చూపు లేనివాడికి తప్ప అందరికీ అందుతుంది.

నిజంగా పరీక్షించేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతో జాగ్రత్త. కేంద్ర ఐటీ శాఖ కిందున్న ఎస్‌టీక్యూసీ ప్రభుత్వ సైట్లను జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలతో పోల్చి చూసి గానీ సర్టిఫికెట్ ఇవ్వదు. అయితే పరీక్ష అయిన మర్నాడే సెక్షన్ క్లర్క్ సర్క్యులర్‌ను స్కాన్ చేసి ఎక్కిస్తాడు, లేదా పాత అను ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్ పెడతాడు. కావాలంటే ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. వాక్యం పట్టుబడకపోతే అది ఉత్త బొమ్మ. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి రాలితే అది ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే యూనికోడ్ కాదు. స్క్రీన్ రీడర్‌కు మొదటిది మౌనం, రెండోది పిచ్చి కూత. ముద్ర మాత్రం ఎక్కడిదక్కడే భద్రం.

ఒక్క లైను కోడ్ అతికిస్తే సైటు దానంతటదే బాగుపడుతుందని విడ్జెట్లు అమ్మేవాళ్లూ ఉన్నారు. అలా చెప్పుకున్న ఒక కంపెనీని 10 లక్షల డాలర్లు కట్టమని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. అది అమెరికా. ఇక్కడ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మొదటి ఉల్లంఘనకు జరిమానా 10 వేలు మించదు. వార్షికోత్సవంలో మన శాలువాల ఖర్చే అంతకన్నా ఎక్కువ. మళ్లీ దొరికితే 50 వేల నుంచి 5 లక్షల దాకా. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. బ్యాంకులు కేవైసీకి, అంటే గుర్తింపు నిర్ధారణకు, కెమెరా ముందు కన్నార్పమంటే, యాసిడ్ దాడిలో కళ్లు పోయినవాళ్లు ఏం చేయాలన్నది అక్కడికి వెళ్లిన ప్రశ్న.

చివరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని. ఆండ్రాయిడ్ ఫోన్లలోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ వాడే విద్యార్థిని ఒకరిని పిలిచి, మన ఫోనే చేతికిచ్చి, ఫీజు కట్టి చూపించమని అడగకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కాసేపు కలిపి నొక్కితే టాక్‌బ్యాక్ మొదలవుతుంది, ఖర్చు సున్నా, పావుగంట చాలు. ఆ అమ్మాయి బొమ్మ క్యాప్చా దగ్గరే ఆగిపోతే ముద్ర ఆవిష్కరణ సభ వాయిదా వేయాలి, అప్పటికే ఎమ్మెల్యే గారి ఫొటోతో ఫ్లెక్సీలు చౌరస్తాలో కట్టేసి ఉంటారు.