అద్దాల భవనాలు ఒక్కటే ఆధునికం కాదు

కంప్యూటర్ డిజైన్, అద్దాల గోడలతో మన నగరాల రూపమే మారిపోతోందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను, నిజమే. కానీ విశాఖలో ఉండేవాళ్లకి 2014 అక్టోబర్ 12 గుర్తుంటుంది కదండీ. హుద్‌హుద్ తుపాను గాలికి అద్దాలు పగిలి, ఫాల్స్ సీలింగులు ఊడి, ఎయిర్‌పోర్టు కప్పు కూడా దెబ్బతింది. ఆ తర్వాత కూడా బీచ్ రోడ్డు వైపు అదే రకం అద్దాలు పెడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంకోటి, ఉప్పు గాలి. మా ఫ్లాట్ సముద్రానికి దగ్గర్లోనే, బాల్కనీ కింద పెచ్చులు ఊడి లోపలి చువ్వలు ఎర్రగా బయటికొచ్చాయి, చేత్తో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే కాంక్రీటు పగులుతుంది. చువ్వ మీద కాంక్రీటు మందం సరిగ్గా ఉంచి, గట్టి మిశ్రమం వాడితే ఇది చాలా ఏళ్లు ఆగేదని రిపేరుకొచ్చిన మేస్త్రీ చెప్పాడు.

విశాఖ పాత ఊరు వన్‌టౌన్‌లో మా తాతయ్యగారి పెంకుటింట్లో మధ్యాహ్నం ఫ్యాన్ వేసేవాళ్లం కాదు. మందపాటి సున్నపు గోడలు, పైన వెంటిలేటర్లు, ఎదురెదురు తలుపులు. మళ్లీ అందరం పెంకుటిళ్లు కట్టుకోమని కాదు, అపార్ట్‌మెంట్లు లేకపోతే ఇంతమందికి చోటెక్కడ? గాలి ఎటు నుంచి వస్తుందో, ఎండ ఏ గోడకి తగులుతుందో పునాది తీయకముందే చూపించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. వాటిని ఎలివేషన్ (భవనం ముందు వైపు ఎలా కనిపిస్తుందో చూపే) బొమ్మల కోసం కాకుండా కిటికీ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి వాడమని మన ఇంజినీర్లని గట్టిగా అడుగుదాం.