పని నేరం కాదు, ఇల్లే నేరం

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో మన దేశంలో వ్యభిచారం చట్టబద్ధమైపోయిందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం అలాంటిదేమీ చెప్పలేదు. 1999లో కోల్‌కతాలో జరిగిన ఒక సెక్స్‌వర్కర్ హత్య కేసు అప్పీలుకు వచ్చినప్పుడు, 2011లో, కోర్టు తనంతట తానే ఒక ప్యానెల్ వేసింది. ఆ ప్యానెల్ సిఫారసుల్లో కొన్నింటిని అమలు చేయమన్నదే 2022 ఉత్తర్వు. ఇష్టపూర్వకంగా ఈ పనిలో ఉన్న మేజర్ల జోలికి పోలీసులు పోకూడదు, దాడుల్లో ఆ మహిళలను అరెస్టు చేయకూడదు అన్న కీలకమైన సిఫారసులపై కేంద్రం అభ్యంతరం చెప్పింది.

అసలు మేజరు మహిళ తన ఇష్టంతో ఈ పని చేసుకోవడం మన చట్టంలో ఎన్నడూ నేరం కాదు. పోలీసు భాషలో ‘పిటా’ అనే 1956 నాటి వ్యభిచార, అక్రమ రవాణా నిరోధక చట్టం ఆమె పనిని వదిలేసి, ఆమె చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. ఇద్దరు మహిళలు కలిసి ఈ పనికి ఒక గది తీసుకుని అద్దె చెరిసగం కట్టుకున్నారనుకోండి. ఇద్దరికీ లాభం ఉంది కాబట్టి సెక్షన్ 2 నిర్వచనంలో అది వ్యభిచార గృహం. తెలిసి ఇల్లిచ్చిన ఓనరు మీదా కేసు పెట్టొచ్చు. ఆమె సంపాదన మీద బతికేవాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, మంచాన పడ్డ తల్లయినా, డిగ్రీ చదివే కొడుకైనా సెక్షన్ 4 కిందికి వస్తారు. తోడుగా ఇంకో మనిషి ఉండటమే నేరమైనచోట ఆమె ఎవరిని ఆశ్రయిస్తుంది? బ్రోకర్‌నో, రౌడీనో, మామూళ్లు తీసుకునే కానిస్టేబుల్‌నో.

సెక్షన్ 8 మరీ విడ్డూరం. బహిరంగ స్థలంలో విటులను పిలిచినందుకు మహిళకైతే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు. అదే తప్పు మగవాడు చేస్తే గరిష్ఠం మూడు నెలలు. ఒకే తప్పుకు ఆడవాళ్లకు రెట్టింపు శిక్ష రాసుకున్న చట్టం మహిళల రక్షణ కోసమంటే నమ్మడం కష్టం.

ఇక ‘రక్షించడం’ సంగతి. పట్టుబడిన మహిళకు సంరక్షణ అవసరమని మెజిస్ట్రేటు భావిస్తే ఏడాది నుంచి మూడేళ్ల దాకా హోమ్‌లో ఉంచమని సెక్షన్ 17 కింద ఆదేశించవచ్చు. నిందితుడికి కొన్నాళ్లకు బెయిల్ దొరుకుతుంది, బాధితురాలికి గేటు తెరుచుకోదు. 2020లో అలా ఉంచిన ముగ్గురు యువతులను బాంబే హైకోర్టు విడుదల చేస్తూ, మేజర్లకు ఎక్కడ బతకాలో ఎంచుకునే హక్కుందని గుర్తుచేయాల్సి వచ్చింది.

అయితే చట్టబద్ధం చేసి లైసెన్సులిచ్చేస్తే సరిపోతుందా? నాకు నమ్మకం లేదు. ఈ ప్రయోగం మనకు కొత్తేమీ కాదు. 1868 నాటి బ్రిటిష్ చట్టం తెల్ల సిపాయిలకు సుఖవ్యాధులు రాకుండా మహిళల పేర్లు నమోదు చేయించి, బలవంతపు వైద్య పరీక్షలు చేయించి, రోగముందంటే ‘లాక్ హాస్పిటల్’లో నిర్బంధించింది. సిపాయిలకు మాత్రం ఏ రిజిస్టరూ లేదు. చివరికి 1888లో దాన్ని ఎత్తేశారు. జర్మనీ 2002లో చట్టబద్ధం చేసి, 2017లో నమోదు తప్పనిసరి చేసింది. 2023 ఆఖరుకు నమోదైనవాళ్లు సుమారు 30,600 మంది. ఆ పనిలో ఉన్నవాళ్లు అంతకు చాలా రెట్లు ఉంటారని అక్కడ అందరికీ తెలుసు. రిజిస్టర్‌లో పేరెక్కడమంటే జీవితాంతం మచ్చ అని జర్మనీలోనే భయపడితే, ఊరంతా ఒకరికొకరు తెలిసిన మన దగ్గర ఎవరు ముందుకొస్తారు? లైసెన్సు దక్కేది పెట్టుబడి ఉన్న నిర్వాహకుడికే.

పైగా మన కళ్లముందు యాదగిరిగుట్ట ఉంది. 2018లో అక్కడి వ్యభిచార గృహాల నుంచి పోలీసులు పసిపిల్లలను బయటకు తెచ్చారు. త్వరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారన్న విషయం బయటపడి రాష్ట్రం నివ్వెరపోయింది. ఇష్టపూర్వకంగా అన్న మాట వినగానే చాలామందికి ఒళ్లు మండేది ఇందుకే. ఆ కోపం న్యాయమైనదే. కానీ పిల్లలను కొన్నవాళ్లను శిక్షించడానికి భారతీయ న్యాయ సంహితలో 143, 144 సెక్షన్లున్నాయి, పోక్సో ఉంది. ఆ పిల్లలకు న్యాయం చేయడానికి రోడ్డు పక్కన నిలబడ్డ నలభై ఏళ్ల మనిషిని జైల్లో వేయాల్సిన పని లేదు.

న్యూజిలాండ్ 2003లో పట్టుకున్న దారి నాకు కొంత నచ్చుతుంది. అక్కడ నలుగురి దాకా మహిళలు ఎవరి సంపాదన వాళ్లు చూసుకుంటూ ఒక ఇంట్లో కలిసి పనిచేస్తే లైసెన్సు అక్కర్లేదు. మనం అంతదూరం వెళ్లకపోయినా, సెక్షన్ 8ని తీసేసి, ఇద్దరు కలిసి పనిచేస్తే చాలు అది వ్యభిచార గృహమనే నిర్వచనాన్ని సవరించవచ్చు. బ్రోకర్లు, అక్రమ రవాణాదారుల మీది సెక్షన్లను అలాగే ఉంచవచ్చు.

ఇవి చేయాల్సింది పార్లమెంటు. రాష్ట్రాల చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇష్టం లేకుండా హోమ్‌లలో ఉన్న మేజరు మహిళలను గుర్తించి, సమీక్షించి, గడువులోగా విడుదల చేయాలన్నది కోర్టు 2022లో రాష్ట్రాలకు ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి. ఏ హోమ్‌లో ఎంతమంది మేజర్లున్నారు, వారిలో ఎందరు తమ ఇష్టంతో ఉన్నారు, ఎందరిని పంపించారు అన్న లెక్కను రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రజల ముందు పెట్టవచ్చు. అందుకు ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు.